మనం ఏమీ నొక్కకపోయినా: బ్రౌజర్ లోపాలు, ఇంటి కంప్యూటర్లు

(తిరుపతి బైరాగిపట్టెడలో ఒక ఆదివారం సాయంత్రం కాలనీవాసుల కోసం ఏర్పాటైన సమావేశంలో, ఊళ్లో చాలాకాలంగా ఇళ్ల కంప్యూటర్లు బాగుచేస్తున్న ఒక టెక్నీషియన్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే. బాబూ, ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తే మైకులో గాలి శబ్దం పోతుంది. ఆఁ, చాలు.

ఆమధ్య ఎవరికి ఫోన్ చేసినా ముందు సైబర్ నేరాల హెచ్చరికే వినిపించేది, గుర్తుందా? ఓటీపీ ఎవరికీ చెప్పకండి, తెలియని లింకు నొక్కకండి. పోలీసులూ అదే చెప్తారు, బ్యాంకువాళ్లూ అదే చెప్తారు. మంచి మాటలు, వాటిని నేను కాదనడం లేదు. అయితే అవి విని విని మనకి ఒక ధీమా వచ్చేసింది. మనం జాగ్రత్తగా ఉంటే చాలు, మన కంప్యూటరుకి ఏమీ కాదు అని.

ఈ రోజు నేను చెప్పబోయేది జాగ్రత్తగా ఉన్నా జరిగేదాని గురించి. లింకు నొక్కలేదు, ఓటీపీ చెప్పలేదు, ఏదీ డౌన్‌లోడ్ చేయలేదు. రోజూ చూసే పేజీయే చూశాం. అయినా కంప్యూటరులోకి ఎవడో వచ్చేశాడు. అలా జరుగుతుందా? జరుగుతుంది. ఎందుకు జరుగుతుందో అర్థమైతే, దాన్ని ఆపడానికి మనం చేయాల్సిన పని ఎంత చిన్నదో కూడా తెలుస్తుంది. అందుకే ముందు ఎందుకు అన్నది చెప్తాను. కాస్త ఓపిక పట్టండి.

బ్రౌజర్ అంటే ఏమిటి? క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, ఇవన్నీ బ్రౌజర్లే. మనం పేజీలు చూసే ప్రోగ్రాం, అంతే కదా అనుకుంటాం. మీరు ఒక వార్తల పేజీ తెరిచారనుకోండి. అక్కడినుంచి మీ కంప్యూటరుకి వచ్చేది అక్షరాలూ బొమ్మలూ మాత్రమే కాదు, ప్రోగ్రాములు కూడా. జావాస్క్రిప్ట్ అనే భాషలో రాసిన ప్రోగ్రాములు. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో ఆ భాష పుట్టింది. అప్పట్నుంచి పేజీతో పాటు ప్రోగ్రాం రావడం, అది మన కంప్యూటరులోనే నడవడం మామూలైపోయింది. ఎవరు రాశారో మనకి తెలీదు. ఆ పేజీలో ప్రకటనలు ఉంటాయి చూడండి, అవి ఆ పత్రికవాళ్లు పెట్టినవి కూడా కావు. ఇంకెక్కడినుంచో, ఇంకెవరో పంపినవి. వాటితో కూడా ప్రోగ్రాములు వస్తాయి.

అంటే రోజంతా ఊరూ పేరూ తెలియనివాళ్లు రాసిన ప్రోగ్రాములు మన ఇంట్లో కంప్యూటరులో నడుస్తూనే ఉన్నాయి. మరి మనకి ఏమీ కావడం లేదెందుకు? బ్రౌజర్ కాపలా కాస్తోంది కాబట్టి. 2008లో క్రోమ్ వచ్చినప్పుడు మొదటినుంచే ఒక ఏర్పాటుతో వచ్చింది, శాండ్‌బాక్స్ అంటారు. మన పల్లెల్లో కొత్త మనిషి వస్తే అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాం, మాట్లాడతాం, వంటింట్లోకి మాత్రం రానివ్వం. అలాగన్నమాట. పేజీలోంచి వచ్చిన ప్రోగ్రాం అరుగు మీదే ఉండాలి. మీ ఫైళ్లు, మీ ఫోటోలు, మీ టాలీ డేటా ముట్టుకోకూడదు. ఈ రోజు అన్ని పెద్ద బ్రౌజర్లలోనూ ఈ ఏర్పాటు ఉంది.

మరి ఇబ్బంది ఎక్కడ? బ్రౌజర్ కూడా మనుషులు రాసినదే. చిన్నది కాదు, కోట్ల లైన్ల కోడు. అందులో తప్పులు ఉంటాయి, ఉండి తీరతాయి. క్రోమ్‌కి మూలమైన క్రోమియం బృందం 2020లో తామే లెక్క చెప్పింది. వాళ్ల దగ్గర బయటపడ్డ తీవ్రమైన భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఒకే కోవలోవి. మెమరీని వాడుకోవడంలో జరిగే పొరపాట్లు. మెమరీ అంటే ఈ పెన్‌డ్రైవు సంగతి కాదండీ, ప్రోగ్రాం నడిచేటప్పుడు తాత్కాలికంగా వాడుకునే చోటు.

ఇది గాల్లో మాటలా ఉంది కదా? ఒక్క ఉదాహరణ వివరంగా చెప్తాను. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతావన్నీ అర్థమైనట్టే.

2023 సెప్టెంబరు. వెబ్‌పీ అని ఒక రకం బొమ్మ ఫైలు ఉంది. జేపీజీ మీకు తెలుసు కదా, అలాంటిదే. బొమ్మ తక్కువ సైజులో రావాలని గూగుల్ తయారుచేసిన పద్ధతి. మీరు రోజూ చూసే పేజీల్లో చాలాచోట్ల ఆ రకం బొమ్మలు ఉంటాయి. అలా కుదించి పంపిన బొమ్మని మన కంప్యూటరులో మళ్లీ విప్పాలి. విప్పడానికి ముందు ప్రోగ్రాం ఒక పట్టిక తయారు చేసుకుంటుంది. ఆ పట్టికకి ఇంత చోటు చాలు అని లెక్కగట్టి, అంత మెమరీ తీసి పెట్టుకుంటుంది. మామూలు బొమ్మలకి ఆ లెక్క సరిపోతుంది. కానీ ఎవడైనా కావాలని వంకర బొమ్మ తయారుచేస్తే? పట్టిక ఆ చోటు దాటి పక్కకి పోతుంది. పక్కన ఏముంది? అదే ప్రోగ్రాముకి పనికొచ్చే ఇంకేవో వివరాలు. వాటి మీద రాసేస్తుంది. అక్కడ ఏం రాయాలో తెలిసినవాడు రాస్తే ఆ ప్రోగ్రాం ఇక వాడు చెప్పినట్టు నడుస్తుంది.

బొమ్మ చూస్తే చాలు. నొక్కక్కర్లేదు. పేజీలో ఆ బొమ్మ ఉంటే చాలు, బ్రౌజర్ దాన్ని విప్పుతుంది కదా, దాని పనే అది. అమ్మా, మీరు అలా చూస్తున్నారు, నమ్మబుద్ధి కావడం లేదు కదా? కానీ జరిగింది ఇదే. ఈ లోపాన్ని ఆపిల్ భద్రతా బృందం, కెనడాలో టొరంటో యూనివర్సిటీకి చెందిన సిటిజన్ ల్యాబ్ కలిసి గూగుల్‌కి తెలియజేశాయి. అప్పటికే దీన్ని ఎవరో వాడుతున్నారని గూగుల్ తానే చెప్పింది. సెప్టెంబరు 11న క్రోమ్‌కి మరమ్మతు, అంటే ఆ తప్పు సరిదిద్దిన అప్‌డేట్, వచ్చింది. 12న ఫైర్‌ఫాక్స్‌కి వచ్చింది. ఒక్క క్రోమే కాదు, ఆ బొమ్మలు విప్పే కోడు అందరిదీ ఒకటే కాబట్టి ఎడ్జ్, ఇంకా ఎన్నో యాప్‌లు కూడా మార్చుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. సెప్టెంబరు 11న మరమ్మతు వచ్చింది. మన ఇంట్లో కంప్యూటరుకి ఎప్పుడు వచ్చింది?

ఇక్కడే నేను చెప్పదలచుకున్న మాట అంతా ఉంది. ఇలాంటి లోపం ఎవరికీ తెలియకముందు, మొదట్లో, చాలా ఖరీదైనది. దాన్ని మీ మీదా నా మీదా ఖర్చుపెట్టరు. విలేకరుల మీద, నాయకుల మీద, ఉద్యమకారుల మీద వాడతారు. మనకి ప్రమాదం మొదలయ్యేది మరమ్మతు బయటకొచ్చిన తర్వాత. తిరకాసుగా ఉంది కదా? క్రోమియం కోడు ఎవరైనా చదవచ్చు. మరమ్మతు వస్తే, ఏ లైను మార్చారో చూసి, పాత లైనులో తప్పేమిటో కనిపెట్టేవాళ్లు ఉన్నారు. అప్పుడు ఆ లోపం చవక అయిపోతుంది. అప్పుడు అది మనదాకా వస్తుంది. ఎవరి మీద పనిచేస్తుంది? మరమ్మతు వేసుకోనివాళ్ల మీద.

2010 తర్వాత కొన్నేళ్లు ఇది ఒక వ్యాపారంగానే నడిచింది. ఎక్స్‌ప్లాయిట్ కిట్లు అనేవాళ్లు. బ్లాక్‌హోల్ అని ఒకటి, ఏంగ్లర్ అని ఒకటి. పాత లోపాలన్నీ ఒక మూటలో కట్టి అద్దెకి ఇచ్చేవాళ్లు. మీరు ఆ పేజీకి చేరగానే అది మీ బ్రౌజర్ ఏ వెర్షనో, పేజీల్లో వీడియోలూ ఆటలూ నడిపే ఫ్లాష్ అనే ప్రోగ్రాం ఏ వెర్షనో చూసుకుంటుంది. పాతదైతే దానికి తగ్గ లోపం వాడుతుంది. కొత్తదైతే వదిలేస్తుంది. 2016 మార్చిలో ఏమైందో తెలుసా? న్యూయార్క్ టైమ్స్, బీబీసీ లాంటి సైట్లలో కనిపించిన ప్రకటనల ద్వారా పాఠకుల్ని ఏంగ్లర్ కిట్ ఉన్నచోటికి మళ్లించారు. సైట్లు దొంగవి కావు, ప్రకటన దొంగది. చెడ్డ సైట్లకి వెళ్తేనే వైరస్ వస్తుంది అనేవాళ్లకి నేను ఎప్పుడూ ఈ సంగతే చెప్తాను. ఇంట్లో పిల్లాడు ఏదో చూసుంటాడని కొట్టకండి. ఆ తండ్రి చూసిన వార్తల పేజీ వల్లే వచ్చి ఉండచ్చు.

ఆ ఫ్లాష్ 2020 చివర్లో ఆగిపోయింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకి 2022 జూన్‌లో మద్దతు ఆపేశారు. ఆ మేరకు మేలు జరిగింది. కానీ మరమ్మతుకీ మన ఇంటికీ మధ్య ఉన్న ఆ ఖాళీ మాత్రం అలాగే ఉంది.

ఆ ఖాళీ ఎంత నష్టం చేస్తుందో మన జిల్లాకి కొత్త కాదు. 2017లో వానాక్రై వచ్చింది చూడండి, ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బులడిగింది. అది బ్రౌజర్ లోపం కాదు, విండోస్‌లో లోపం. కానీ కథ అదే. మైక్రోసాఫ్ట్ మరమ్మతు ఇచ్చింది మార్చి 14న. దాడి వచ్చింది మే 12న. మధ్యలో దాదాపు రెండు నెలలు. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి. ఆ వార్తల్లో చిత్తూరు జిల్లా పేరు కూడా ఉంది. అప్పటికి మనమందరం ఆ జిల్లాలోనే కదా.

సరే, ఇప్పుడు మన ఇళ్లకి వద్దాం. నేను ఇళ్లకి వెళ్లినప్పుడు రోజూ చూసేది చెప్తాను. ల్యాప్‌టాప్ తెరిచి ఉంటుంది. క్రోమ్‌లో పైన ముప్పై ట్యాబులు. కుడివైపు మూలన మూడు చుక్కల దగ్గర ఒక చిన్న బటను, అప్‌డేట్ చేయమని. ఆ రంగు గమనించారా ఎప్పుడైనా? అప్‌డేట్ వచ్చిన కొత్తలో ఆకుపచ్చగా ఉంటుంది. నాలుగు రోజులకి నారింజ రంగు. వారం దాటితే ఎరుపు. నేను చూసిన ఇళ్లలో చాలాచోట్ల ఎరుపే. ఎందుకండీ నొక్కలేదు అంటే, అది ఎప్పుడూ అలాగే ఉంటుంది సార్ అంటారు. లేదా, నొక్కితే ట్యాబులన్నీ పోతాయి అంటారు.

పోవండీ! మళ్లీ తెరుచుకుంటాయి. ఇన్‌కాగ్నిటో విండో, అంటే చూసిన పేజీల జాబితా దాచుకోని విండో, మాత్రం తిరిగి రాదు, సగం నింపిన ఫారం ఉంటే అది పోతుంది. అందుకని ఫారం ముగించి నొక్కండి. మీరు అప్‌డేట్ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, అది తనంతట తానే చేసుకుని కూర్చుంటుంది. కానీ బ్రౌజర్‌ని మూసి తెరిస్తేనే కొత్తది పనిలోకి వస్తుంది. మన అలవాటు ఏమిటి? ల్యాప్‌టాప్ మూత వేస్తాం, తీస్తాం. మూత వేస్తే కంప్యూటరు నిద్రపోతుంది, ఆగిపోదు. క్రోమ్ కూడా అంతే. నెల రోజుల కిందట తెరిచిన క్రోమే ఇంకా నడుస్తూ ఉంటుంది. కొత్తది వచ్చి పక్కన పడి ఉంటుంది, నడిచేది మాత్రం పాతదే. 2023 ఆగస్టు నుంచి క్రోమ్ భద్రతా మరమ్మతులు వారం వారం ఇస్తోంది. వాళ్లు వారానికోసారి ఇస్తుంటే మనం నెలకోసారి కూడా తీసుకోకపోతే ఎలా? మీ మీద కోపంతో అనడం లేదు. ఒక్కసారి నొక్కితే ముప్పై సెకన్లలో అయిపోయే పనికి ఇంత నష్టం కొనితెచ్చుకుంటున్నామే అని బాధ.

ఇంకొకటి ఉంది, ఇది ఆ బటనుతో తీరేది కాదు. విండోస్ 7 కంప్యూటర్లు. ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి. డీటీపీ సెంటర్లవాళ్లు ఉన్నారా ఇక్కడ? ఆఁ, అన్నా, మీరున్నారు. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, పెళ్లిపత్రికలు, కరపత్రాలు. పాత సాఫ్ట్‌వేరు కొత్త విండోస్‌లో సరిగ్గా నడవదని పాతదే ఉంచుకుంటారు. మీ కష్టం నాకు తెలుసు. కానీ విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో భద్రతా మద్దతు ఆపేసింది. క్రోమ్ కూడా దానికి 109వ వెర్షనుతో ఆగిపోయింది, ఆ వెర్షను వచ్చింది 2023 జనవరిలో. ఆ తర్వాతి వెర్షన్లు విండోస్ 7, 8ల మీద ఎక్కవు. ఆ తర్వాత ఎన్ని లోపాలు బయటపడ్డాయో, ప్రతిదానికీ మరమ్మతు వచ్చిందని లోకమంతా తెలుసు, దొంగలకీ తెలుసు. మీ కంప్యూటరుకి మాత్రం రాదు.

నేను వాటిని పారేయమనడం లేదు. పేజ్‌మేకర్ కోసం ఉంచుకోండి, ఏళ్లు పని చేసుకోండి. నెట్ కేబులు పీకేయండి, వైఫై తీసేయండి. కస్టమరు ఫైలు మెయిల్‌లో వస్తే ఇంకో కంప్యూటరులో తీసుకుని, స్కాన్ చేసి, ఇటు తెచ్చుకోండి. ఆ పాత కంప్యూటరులో నెట్ బ్యాంకింగ్ మాత్రం వద్దు. కరెంటు బిల్లు కూడా వద్దు. ఇంట్లో పాత కంప్యూటరు ఒక్కటే ఉంది, నెట్ కావాలి అంటే, లైనక్స్ మింట్ లాంటిది వేసుకోవచ్చు, ఉచితం. అందులో తాజా ఫైర్‌ఫాక్స్ నడుస్తుంది, పేజీలు చూసుకోవడానికి, బిల్లులు కట్టుకోవడానికి సరిపోతుంది. విండోస్ 10 సంగతి కూడా చెప్పాలి. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఇళ్లవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఈలోపు ఏం చేయాలో ఆలోచించుకోండి.

ఎక్స్‌టెన్షన్ల గురించి చెప్పకుండా దిగితే నాకు నిద్ర పట్టదు. ఇవి లోపాలు కాదు. మనమే చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు. పీడీఎఫ్ మార్చేది, వీడియో డౌన్‌లోడ్ చేసేది, కూపన్లు వెతికేది. చేర్చేటప్పుడు ఒక చిన్న పెట్టె వస్తుంది, అన్ని వెబ్‌సైట్లలోనూ మీ డేటాను చదవగలదు, మార్చగలదు అని. చదువుతామా? చదవం. అన్ని వెబ్‌సైట్లూ అంటే మీ బ్యాంకు కూడా, మీ జీమెయిలు కూడా. శాండ్‌బాక్స్ ఇక్కడ మిమ్మల్ని కాపాడదు, ఎందుకంటే అనుమతి ఇచ్చింది మీరే.

ఇవాళ మంచిదే కదా అనుకుంటారు. ద గ్రేట్ సస్పెండర్ అని ఒకటి ఉండేది. వాడని ట్యాబుల్ని నిద్రపుచ్చి మెమరీ మిగిల్చేది, 20 లక్షల మందికి పైగా వాడారు. నిజంగా మంచిదే. 2020లో దాన్ని తయారుచేసినాయన వేరేవాళ్లకి ఇచ్చేశారు. కొత్త యజమానులు అందులో ఏవేవో చేర్చారు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రాం, అని తీసేసింది. వాడేవాళ్లకి యజమాని మారిన సంగతే తెలీదు. అదే పేరు, అదే బొమ్మ. అందుకని ఎక్స్‌టెన్షన్ల జాబితా తీసి, దీనితో నాకు నిన్న ఏం పని పడింది అని అడగండి. జవాబు రానిది తీసేయండి. పిల్లలు చేర్చినవి ముందు చూడండి.

మిగతావి త్వరగా చెప్తాను, మీలో చాలామందికి తెలిసినవే. అడ్రసు దగ్గర తాళం గుర్తు ఉంటే మంచి సైటు అనుకోకండి. తాళం అంటే దారిలో ఎవరూ చదవలేరని, అంతే. అవతల ఉన్నది దొంగ అయినా తాళం ఉంటుంది. ఆ గందరగోళం వల్లే క్రోమ్ 2023లో ఆ తాళం బొమ్మే తీసేసింది. శ్రీవారి 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలినరోజు గూగుల్‌లో వెతికి, పైన వచ్చిన మొదటి సైటులో డబ్బు కట్టేస్తారు. నకిలీ సైట్ల గురించి టీటీడీ ఎన్నోసార్లు హెచ్చరించింది, కేసులూ పెట్టింది. అసలు అడ్రసు ఒకసారి సరిచూసుకుని బుక్‌మార్క్ పెట్టుకోండి, ప్రతిసారీ అక్కడినుంచే వెళ్లండి. బయటూరి బంధువులు మనల్నే అడుగుతారు కదా టికెట్ల కోసం, వాళ్లకీ ఆ అడ్రసే పంపండి.

ఇంకొకటి, ఈమధ్య వచ్చింది. నేను రోబోను కాను అని ఒక పెట్టె వస్తుంది, అది మామూలే. ఆ తర్వాత, విండోస్ బటనూ ఆర్ కలిపి నొక్కండి, కంట్రోల్ వీ నొక్కండి, ఎంటర్ కొట్టండి అంటుంది. అది మీ చేతనే దొంగ ప్రోగ్రాం నడిపిస్తోంది. ఏ నిజమైన సైటూ అలా అడగదు. వెంటనే మూసేయండి. స్క్రీనంతా ఎర్రగా నిండిపోయి, మీ కంప్యూటరు లాక్ అయింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి అంటే, ఫోన్ చేయకండి. ఎస్కేప్ బటను కాసేపు పట్టుకోండి. పోకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజరులో బ్రౌజర్‌ని మూసేయండి. డబ్బు పోయిందా, ఒక్క నిమిషం కూడా ఆగకండి. సైబర్ నేరాల హెల్ప్‌లైను 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. నలుగురిలో పరువు పోతుందని రెండు రోజులు దాచిపెట్టినవాళ్లని చూశాను. దాచకండి, దయచేసి.

ఆఁ, ఇంకో సందేహం వచ్చింది చీటీలో. యాంటీవైరస్ ఉంది కదా, చాలదా? ఉండాలి. విండోస్‌తో వచ్చే డిఫెండరు ఇళ్లకి సరిపోతుంది. కానీ అది లోపాన్ని పూడ్చదు. లోపంలోంచి వచ్చినదాన్ని పట్టుకోవడానికి ప్రయత్నిస్తుంది, కొన్నిసార్లు పట్టుకోలేదు. లోపాన్ని పూడ్చేది అప్‌డేట్ ఒక్కటే. కేంద్ర ప్రభుత్వానికి సెర్ట్-ఇన్ అనే సంస్థ ఉంది, క్రోమ్‌లో తీవ్రమైన లోపం వచ్చినప్పుడల్లా హెచ్చరిక ఇస్తుంది. దాన్ని పేపర్లో చూసి భయపడి నాకు ఫోన్ చేస్తారు, క్రోమ్ తీసేయాలా అని. తీసేయక్కర్లేదు. ఆ హెచ్చరిక కింద చివర్లో రాసి ఉంటుంది చూడండి, తాజా వెర్షనుకి మారండి అని. అదొక్కటి చేస్తే చాలు.

సరే, ఇప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు తెరవండి. వైఫై పాస్‌వర్డ్ బోర్డు మీద రాశాను. క్రోమ్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు, అందులో హెల్ప్, అందులో అబౌట్ గూగుల్ క్రోమ్. ఎడ్జ్‌లో కూడా మూడు చుక్కలే, హెల్ప్ అండ్ ఫీడ్‌బ్యాక్, అందులో అబౌట్ మైక్రోసాఫ్ట్ ఎడ్జ్. ఫైర్‌ఫాక్స్‌లో మూడు గీతలు, హెల్ప్, అబౌట్ ఫైర్‌ఫాక్స్. తెరవగానే అది వెతకడం మొదలుపెడుతుంది, ఆగండి. రీలాంచ్ అని వచ్చినవాళ్లు నొక్కేయండి. నొక్కాక మళ్లీ అదే పేజీకి వచ్చి, తాజాగా ఉంది అని చెప్తోందో లేదో చూడండి. అక్కా, మీది తిరుగుతూనే ఉందా? ఉండనివ్వండి, ఇక్కడ నెట్ నెమ్మది. 109 అని నంబరు కనబడినవాళ్లు మాత్రం ఏమీ నొక్కకుండా ఈ కిటికీ పక్కకి రండి. మీ కంప్యూటర్ల సంగతి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడదాం.